తుపాకి నిడివికిఁ గొలత యేది?

ద్వారకా తిరుమలలో వైశాఖమునందును ఆశ్వయుజమునందును జరుగు కల్యాణోత్సవములకు వేలకొలఁది యాత్రికులు కొండ నెక్కుదురు. అట్టి జనసమ్మర్దమున కావలి కాయు భటుని భుజమున నిడుపాటి యుద్ధపు రైఫిలు వ్రేలాడవలెననియు, అది లేనిచో ప్రభుత్వమునకు ఠీవి లేదనియు వాదించువారు మనలో నిప్పటికిని గలరు. ఈ వాదము వట్టి అవివేకమే కాదు, ప్రాణాపాయకరము కూడ.

గొట్టము నిడివి అలంకారము గాదు. గొట్టము పొడుగైనకొలఁది మందుపొగ గుండును మఱికొంతసేపు త్రోయును, వేగము హెచ్చును, దూరపు వ్రేటునకు అది మేలు. పొట్టిదైనచో వేగము కొంత తగ్గును, చప్పుడును మంటయు హెచ్చును. కాని యిఱుకుచోటులందు త్రిప్పుట సులభము. అన్ని పనులకును దగిన నిడివి లోకమున లేదు. కొల్లేటి బయలునకుఁ దగినది కొండమెట్లకుఁ దగదు.

మన నేలిన పరాయివాఁడు ఈ మర్మమును చక్కఁగా నెఱుఁగును. బోయరుల యుద్ధానుభవముచేత 20వ శతాబ్ది యారంభమున 30 అంగుళముల గొట్టమును 25 అంగుళములకుఁ దగ్గించి, కాలిబంటునకును రౌతునకును ఒకే రైఫిలు నిచ్చెను. 1944లో అడవిపోరునకై దానిని 19 అంగుళములకు లోపలికిఁ దెచ్చెను. తన సైనికునిపై ఇంత శ్రద్ధ! మఱి మనవానిపైనో? 1857 తిరుగుబాటు పిమ్మట, గుండును బొంగరమువలెఁ ద్రిప్పి సూటిగాఁ బంపు మెలికగాడులు లేని నున్నని గొట్టపుఁ దుపాకిని సిపాయి చేతి కిచ్చెను. తరువాత వంగదేశములోని ఇషాపూరు కర్మాగారమున .303 రైఫిలునే .410 మస్కెటుగా మార్చి, ఒక్కొక్క తూటాయే పట్టునట్లు చేసి, కావలిపనికిని అల్లరుల నణఁచుటకును వినియోగించెను. 1878 నాఁటి ఆయుధచట్టము జనుల చేతులను గట్టివేయఁగా, ఈ తుపాకులు మన భటుల చేతులను గూడఁ గట్టివేసెను. వాని లెక్క తప్పలేదు. వాని యుద్దేశమే పాపిష్ఠిది.

నేఁడు లెక్కయు మనదే, ఉద్దేశమును మనదే. అపనమ్మకముతో వాఁడు చేసిన విచారణను, ప్రజారక్షణకై మనము చేయలేమా? యుద్ధభూమికై పుట్టిన .303 గుండు మైలుకు మించి పోఁగలదు; ఒక దేహమును దూసికొని వెనుకనున్న దేహమును దాఁకఁగలదు. గుంపులో దానిఁ బ్రయోగించిన, దోషి వెనుక నిలిచిన పసిబిడ్డకు దిక్కెవ్వరు? నిడుపు తుపాకి చూచినఁగాని జనులు భయపడరందురా? దేవుని దర్శింపవచ్చినవారిని భయపెట్టుట ఎవని ధర్మము?

గొట్టమును గురుచచేసినంతనే పని తీఱదు. ఆ తూటాయే యుండెనేని అపాయమును ఉండును. కావునఁ దూటాయు మాఱవలెను. గుఱిబద్ద దగ్గఱిదూరమునకు సరిచేయఁబడవలెను. గుంపులో నెవరును లాగికొనకుండఁ బటకా బిగువుగా నుండవలెను. తరచు అభ్యాసము చేసిన భటునికే అది దక్కవలెను. వీనియన్నిటికంటె ముందు త్రాళ్లును, వరుసలును, వెడల్పైన దారులును, మంచిమాటయు నుండవలెను. ఉత్తరప్రదేశపుఁ బోలీసులు 2020లో .303కు వీడ్కోలు చెప్పిరి. వారి ఠీవికేమియు లోటు రాలేదు.

ప్రభుత్వపు ఠీవి గొట్టపు టంగుళములలో లేదు. కొండ నెక్కిన యాత్రికుఁడు క్షేమముగా నిల్లు చేరుటలో నున్నది.