తాతగారి విల్లు

ఫజ్ర్ నమాజు చేసి ఇంటికి రాగానే మా తాతగారు వసారాలో గోడకు తగిలించి ఉన్న విల్లును దించి, దాని నరాన్ని వేలితో ఒకసారి మీటి చూసేవారు. రాత్రి మంచుకు నరం సడలితే శబ్దం మొద్దుగా పలికేది. అప్పుడు దానిని బిగించి, సైకిలుకు కట్టుకొని, నాయనమ్మ ఇచ్చిన సద్దిమూట తగిలించుకొని బయలుదేరేవారు. గుంటూరు సీమ పల్లెల్లో పత్తి తీతలు ముగిసి పెళ్లిళ్లు మొదలయ్యే నెలల్లో ఆయన ఇల్లు చేరేసరికి ఇషా వేళ దాటేది. మేము నిద్రపోకుండా కూర్చొనేవాళ్లం. ఆయన కోసమే అని చెప్పుకొనేవాళ్లం గాని, నిజానికి ఆయన జేబులోని జీళ్ల పొట్లం కోసం.

దూది ఏకడాన్ని కళ్లారా చూసినవారు నేటి పాఠకులలో కొద్దిమందే ఉంటారు. మనిషెత్తు విల్లుకు జంతువు పేగుతో చేసిన నరం కడతారు. ఆ నరాన్ని దూది కుప్పకు ఆనించి, రెండు కొసలా లావుగా ఉండే కొయ్య పిడితో కొడతారు. నరం అదిరినప్పుడల్లా ఉండకట్టిన దూది విడిపోయి పొగలా పైకి లేస్తుంది. చెత్త కిందికి రాలుతుంది. ఒక మనిషి పడుకొనే పరుపుకు 8, 10 కిలోల దూది పడుతుంది. అంత దూదినీ ఏకి, చారల గుడ్డలో సమంగా పరచి, దబ్బనంతో కుట్టేసరికి ఆయనకు ఒక పగలు గడిచిపోయేది. ఈ పని కులవృత్తిగా గల కుటుంబాలనే దూదేకులవారనీ, నూర్‌బాషాలనీ, పింజారులనీ, లదాఫులనీ అంటారు. మా ఇంటి భాష తెలుగే. ఉర్దూ రాకపోవడం వల్ల "అసలు మీరు ముస్లింలేనా?" అన్న ప్రశ్న విన్నవారిలో మేమూ ఉన్నాం. ఆ ప్రశ్న వేసినవారు పరాయివారు కారు.

రైతులు దూదిని తూచి ఇచ్చేవారు, పరుపు అయ్యాక మళ్లీ తూచుకొనేవారు. తాతగారు అందుకు నొచ్చుకొనేవారు కారు. పని ముగిశాక ఆ ఇంటి వాకిట్లోనే నిలబడి లుంగీ, చొక్కా, తలగుడ్డ దులుపుకొని వచ్చేవారు. "దులపకపోతే ఏమవుతుంది తాతా?" అని అడిగితే, "ఒకరి దూది మన ఇంటికి ఎందుకు నాయనా?" అనేవారు. అయినా కనుబొమల్లో తెల్లని నూగు మిగిలే ఉండేది. స్నానం చేయనిదే పసిబిడ్డలను ఎత్తుకొనేవారు కారు. ఆ నూగే ఆయన ఊపిరితిత్తుల్లోకీ చేరిందని, రాత్రుళ్లు ఆయన దగ్గుతుంటే మాకు తెలిసేది. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి ఇంట్లో ఉన్నవి చాపలూ పాత చీరల బొంతలే. ఇద్దరు కూతుళ్లకు మాత్రం పెళ్లినాడు చెరొక పరుపు కుట్టి ఇచ్చారు. ఆ రెండింటికీ దూది కొనడానికి ఎన్నాళ్లు కూడబెట్టారో నాయనమ్మకు తెలుసు.

ఆ కూలి డబ్బుతోనే మా నాన్నగారు చదువుకున్నారు, మేమూ చదువుకున్నాం. దూదేకుల కులం బి.సి. 'బి' జాబితాలో ఉంది గనుక కళాశాలలో సీటుకు ఆ ధ్రువపత్రం జతచేశాం. కాగితం మీద ఆ పేరు రాయించుకోవడానికి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినవాళ్లమే, నోటితో ఆ పేరు పలకవలసి వచ్చినప్పుడు మాట మార్చేవాళ్లం.

అలా మార్చిన సందర్భాలలో ఒకటి చెప్పక తప్పదు. మా పెద్దన్నయ్యకు పట్నంలోని ఒక ఉర్దూ కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి తరఫు పెద్దలు మాటల మధ్య "దాదాగారు ఏం చేస్తుంటారు?" అని అడిగారు. "పత్తి వ్యాపారం" అన్నాం. తాతగారు ఆ గదిలోనే, తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చొని ఉన్నారు. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "వ్యాపారం కాదు బాబూ, దూది ఏకుతాను. నిఖా మాటల్లో లేనిది చెప్పుకోగూడదు" అన్నారు. వచ్చినవారు మర్యాదగానే టీ తాగి వెళ్లారు. మళ్లీ రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ తగిలిందేమో. రెండు రోజుల తరువాత అన్నం తింటూ, "పిల్లలకు అడ్డమవుతుందంటే విల్లు అటక మీద పెట్టేస్తాను" అన్నారు. వద్దని ఎవరైనా అంటారేమోనని కాసేపు చూశారు. మేము కంచాల్లోకి చూస్తూ ఉండిపోయాం. మరునాడు ఆయనే నిచ్చెన వేసుకొని విల్లును అటక మీదికి ఎక్కించారు.

ప్రవక్త దావూద్ (అలైహిస్సలాం) తమ చేతి కష్టంతోనే తినేవారనీ, ప్రవక్త జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగం చేసేవారనీ జుమా ప్రసంగాలలో ఎన్నిసార్లు వినలేదు! విని తల ఊపి, బయటకు వచ్చి చెప్పులు తొడుక్కునేసరికే మరచిపోయేవాళ్లం.

ఆ తరువాత ఆయన ఆరేళ్లు బతికారు. ఫజ్ర్ తరువాత ఏం చేయాలో తోచక వసారాలో అటూ ఇటూ తిరిగేవారు. మిషను మీద ఏకిన దూది తెప్పించుకొని మనవలకూ మునిమనవలకూ చిన్న చిన్న దిండ్లు కుట్టేవారు. "మిషను దూదికి ప్రాణం ఉండదు" అని గొణుక్కుంటూనే కుట్టేవారు.

జనాజా నమాజుకు ముందు నాన్నగారు నిలబడి, మా నాయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేము తీరుస్తాం అని అడిగారు. మసీదు బయట చెట్టు కింద నిలబడి ఉన్న పక్క ఊరి రైతు ఒకాయన చేయెత్తారు. మా గుండె జల్లుమంది. ఆయన దగ్గరికి వచ్చి, "దూదేకుల సాయిబు మాకేం బాకీ లేడయ్యా. మేమే ఆయనకు బాకీ. మా అమ్మాయి పెళ్లికి పరుపులు కుట్టాడు. ఆ ఏడు పంట పోయిందని కూలి తీసుకోలేదు, తరువాత ఇద్దువులే అన్నాడు. నేనూ ఇవ్వలేదు" అని మడతపెట్టిన నోట్లు నాన్నగారి చేతిలో పెట్టారు. ఏ పేరును మేము అన్నేళ్లు దాచామో, దానిని ఆయన అంతమంది మధ్య గౌరవంగా పలికారు. ఆ డబ్బును నాన్నగారు ఆస్తిలో కలిపి, నాయనమ్మకూ అత్తయ్యలకూ వారి వాటా లెక్కకట్టి ఇచ్చారు. చిన్నత్తయ్య తన వంతు నోట్లను ఇప్పటికీ మార్చలేదు.

మొన్న అటక సర్దుతూ విల్లును కిందికి దించాం. కర్ర చెక్కుచెదరలేదు. నరం మాత్రం ఎండి తెగిపోయి ఉంది. కొత్త నరం కట్టగలవారి కోసం నాలుగు ఊళ్లు అడిగి చూశాం, దొరకలేదు. అలాగే తెచ్చి వసారాలో పాత మేకుకే తగిలించాం.

గత నెలలో మా చెల్లెలి కూతురును చూడటానికి పెళ్లివారు వచ్చారు. వారిలో ఒక పెద్దమనిషి గోడ వైపు చూసి అదేమిటని అడిగారు. "మా తాతగారి విల్లు. ఆయన దూది ఏకేవారు. మేము దూదేకులవాళ్లం" అని చెప్పాం. ఆయన లేచి వెళ్లి కర్రను చేత్తో తడిమి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. టీ తాగి, కబురు చేస్తామని వెళ్లారు. ఆ కబురు ఇంకా రాలేదు. విల్లు వసారాలోనే ఉంది.