తుపాకీ లైసెన్సు పునరుద్ధరణ: ఇంటివారి వివరాలు ఎంతవరకు?

తుపాకీ లైసెన్సు గడువు ముగియవచ్చినప్పుడు కలెక్టరు కార్యాలయానికి దరఖాస్తు పెట్టడం, అది విచారణ నిమిత్తం పోలీసుస్టేషనుకు రావడం, ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చి నాలుగు మాటలు అడిగి వెళ్ళడం మన ఊళ్ళలో పాత పద్ధతి. ఆ నాలుగు మాటలూ లైసెన్సు గల మనిషిని గురించినవే. ఇల్లంతటినీ గురించి అడిగితే ఏమి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఇప్పటి సందేహం. ఇంట ఎందరు ఉన్నారు, కొడుకులు ఏ ఊళ్ళో పని చేస్తున్నారు, ఎవరి మీదనైనా కేసు ఉన్నదా, ఎవరు తాగుతారు, కోడలి ఫోను నంబరు ఏమిటి? పత్రాలు నింపించుకొనడానికి బడి వద్దకు వచ్చే పెద్దలు ఈ ప్రశ్నలకు జవాబు వ్రాయవచ్చునా, వ్రాయకుంటే లైసెన్సు పోతుందా అని అడుగుతుంటారు.

ఊత్తంగరై, సింగారపేట్టై, కల్లావి ప్రాంతాలలో లైసెన్సు తుపాకీ గల ఇళ్ళు బహుకొద్ది. ఉన్నవి కూడ తండ్రుల నాటివి, పంట కాపలాకు తీసుకొన్నవి. అయినా ఆ ఒక్క తుపాకీ ఇంటిల్లిపాదికీ సంబంధించిన వస్తువు. అది దూలం మీదనో బీరువాలోనో ఉంటుంది. తాళంచెవి ఎక్కడున్నదో అందరికీ తెలుసు.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1959 నాటి ఆయుధాల చట్టం 15వ సెక్షను ప్రకారం పునరుద్ధరణకు కూడ కొత్త లైసెన్సుకు వర్తించే నియమాలే వర్తిస్తాయి. అనగా 13వ సెక్షను క్రింద సమీప పోలీసుస్టేషను అధికారి నివేదిక ప్రతిసారీ కావలసినదే. 'ఇరవై ఏండ్లుగా ఉన్న లైసెన్సు, మళ్ళీ విచారణ ఎందుకు?' అన్న వాదం నిలువదు. 2019 సవరణతో లైసెన్సు కాలం మూడేండ్ల నుంచి అయిదేండ్లకు పెరిగినది. ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గినవి. 2016 నియమాలు దరఖాస్తుదారుని శరీర, మానసిక ఆరోగ్యాలపై వైద్యుని ధ్రువపత్రం కోరుతున్నవి. కుటుంబంలో మరెవరికైనా లైసెన్సు ఉన్నదా, ఆయుధాన్ని భద్రంగా ఉంచే చోటు ఉన్నదా అన్న ప్రశ్నలు దరఖాస్తు ఫారాలకు కొత్త కావు. కాబట్టి ఇంటి ఊసే ఎత్తరాదు అనడం సరికాదు.

అయితే నిరాకరణకు 14వ సెక్షను చెప్పిన కారణాలు చూడండి. చట్టం నిషేధించిన వ్యక్తి, మతిస్థిమితం లేని వ్యక్తి, ఏ కారణం చేతనైనా అనర్హుడైన వ్యక్తి: ఇవన్నీ దరఖాస్తుదారుని గురించినవే. ప్రజల శాంతిభద్రతలకు అవసరమైనప్పుడు అన్న మాట మాత్రమే ఇంటివారి సంగతి లోనికి రావడానికి తలుపు తెరుస్తున్నది. కొడుకు మీద కొట్లాట కేసు ఉన్నదన్న ఒక్క కారణంతో తండ్రి లైసెన్సు పోవాలని చట్టంలో లేదు. ఆ కొడుకు అదే ఇంట ఉంటూ, అదే బీరువా తాళం తీయగలిగితే మాత్రం అధికారి దానిని లెక్కలోనికి తీసుకొనడం న్యాయమే. తగినంత ఆస్తి లేదన్న కారణం మీద మాత్రమే నిరాకరించరాదని కూడ అదే సెక్షను స్పష్టంగా చెప్పుచున్నది. రెండెకరాల రైతులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంటివారిని విచారించడం ఎందుకు అవసరమో ఇంగ్లండు ఉదంతం చెబుతుంది. 2021 ఆగస్టు 12న ప్లిమత్ నగరంలోని కీహామ్ పేటలో ఒక యువకుడు తన లైసెన్సు తుపాకీతో మొదట కన్నతల్లిని, తరువాత మరి నలుగురిని కాల్చి, తానూ చనిపోయాడు. మృతులలో మూడేండ్ల పసిపాప ఉన్నది. అతడు ఇద్దరు పిల్లలను కొట్టిన కారణంగా పోలీసులు అంతకుముందే తుపాకీని తీసుకొనిపోయి, ఆ ఘోరానికి కొన్ని వారాల ముందు తిరిగి ఇచ్చివేశారు. 2023లో విచారణ జరిపిన జ్యూరీ పోలీసుల వైఫల్యాన్ని తీవ్రంగా తప్పుపట్టినది. 2025 ఆగస్టు నుంచి అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలు మరింత బిగిసినవి. గృహహింస అనుమానం గల చోట జీవిత భాగస్వామిని, ఇంటివారిని కూడ పోలీసులు విచారించే ఏర్పాటు బలపడినది. తుపాకీ వల్ల మొదటి ప్రమాదం ఎవరికి అన్న ప్రశ్నకు ఆ దేశం ఆలస్యంగా తెలుసుకొన్న జవాబు ఇది: ఆ కప్పు క్రింద నివసించే వారికే.

మన విచారణలలో లోపం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఇంటివారి వివరాలు ఎక్కువగా అడగడం కాదు, అడగవలసిన వారిని అడగకపోవడమే పెద్ద లోపం. ఇంటి యజమాని వాకిట కుర్చీ వేసి కూర్చొని భార్య తరఫున, కోడలి తరఫున, ముసలి తల్లి తరఫున తానే చెప్పివేస్తాడు. ఆడవారు తలుపు చాటున ఉంటారు. వ్రాతంతా తమిళంలో సాగుతుంది. ఇంట తెలుగు మాట్లాడే ఆ తల్లికి తమిళం వినికిడిలో అర్థమైనా చదవడం రాకపోవచ్చు. చివర వ్రేలిముద్ర వేయిస్తే 'ఇంటివారికి అభ్యంతరం లేదు' అన్న వాక్యం తయారవుతుంది. అభ్యంతరం ఉన్నదా అని ఆమెను ఒంటరిగా, ఆమె భాషలో, ఒక ఆడ పోలీసు చేత అడిగించితే ఎన్ని జవాబులు మారునో! అటువంటి ప్రశ్న ఒకటి అడగడానికి పది ఫోను నంబర్లు సేకరించవలసిన పని లేదు.

ఇక రెండవ వైపు. పోలీసులు ఇంటి పేర్లు వ్రాసుకొంటే మన ప్రాంతం ఉలిక్కిపడడానికి కారణం ఉన్నది. 2002 నవంబరులో, ఊత్తంగరై ఇంకా ధర్మపురి జిల్లాలో ఉన్నప్పుడు, ఈ చుట్టుపక్కల నక్సలైట్లతో ఎదురుకాల్పులు జరిగినవి. ఒకరు మరణించారు. పలువురిని పోటా చట్టం క్రింద అరెస్టు చేశారు. పట్టుబడినవారిలో పదునెనిమిదేండ్లు నిండని వారూ ఉన్నారు. పోటా 2004లో రద్దయినది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరు జిల్లా అయినది, అక్టోబరులో వీరప్పన్ హతుడయ్యాడు. కాలం మారినా, ఎవరి ఇంటికి ఎవరు వచ్చారు, ఎవరి బంధువు ఎక్కడివాడు అని ఊరూరా ఆరా తీసిన ఆ దినాలు పెద్దలకు జ్ఞాపకమే. తుపాకీ కోసమని ఇచ్చిన వివరం రేపు మరొక ఫైలులో తేలుతుందన్న భయం అకారణమైనది కాదు.

పైగా మనది సరిహద్దు బ్రదుకు. ఆడపిల్లను కుప్పానికి ఇస్తాము, కోడలిని కోలారు నుంచి తెస్తాము, కుర్రవాడు బెంగళూరులో పని చేస్తాడు. 'కుటుంబం' అన్న గడిలో ఎవరిని వ్రాయాలి? ఆ ఇంట నివసిస్తూ ఆయుధం అందుకోగల వారిని వ్రాయడం సబబు. పొరుగు రాష్ట్రంలోని వియ్యంకుల చిరునామా, కూతురి ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, వీటికి తుపాకీ భద్రతతో ఏమి సంబంధం? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చినది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకొనాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, అడిగేది ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. దరఖాస్తు పెట్టినవాడు తన గోప్యతలో కొంత వదలుకొన్నాడనవచ్చు. కూతురు ఏ దరఖాస్తూ పెట్టలేదు కదా.

కనుక అదనపు ప్రశ్న వచ్చినప్పుడు తగవు పెట్టుకొనకుండా, ఏయే వివరాలు కావాలో కాగితం మీద వ్రాసి ఇవ్వమని మర్యాదగా కోరడం మేలు. భద్రతకు సంబంధించినదైతే నిజం వ్రాయండి, దాచకండి. దరఖాస్తులో అబద్ధం తరువాత లైసెన్సు రద్దుకే దారి తీస్తుంది. వాఙ్మూలాన్ని చదివించి, తెలుగులో చెప్పించుకొన్న పిమ్మటే సంతకం చేయండి. బడిలో ఉపాధ్యాయులున్నారు, రెండు భాషలూ వచ్చిన పిల్లలున్నారు. నివేదిక నిర్ణీత గడువులో రాకపోతే దాని కోసం ఎదురుచూడకుండానే నిర్ణయించే అధికారం లైసెన్సు అధికారికి చట్టమే ఇచ్చినది. నిరాకరిస్తే కారణాలు వ్రాసిపెట్టాలి, అడిగితే క్లుప్తంగా తెలుపాలి. ప్రజాప్రయోజనం పేర మినహాయింపు ఉన్నది గాని అది ప్రతిసారీ చెప్పదగినది కాదు. 18వ సెక్షను క్రింద అప్పీలుకు ముప్పై దినాల గడువు.

ఈ గొడవంతా ఎందుకని పునరుద్ధరణ మానివేసేవారి గురించే నాకు దిగులు. అడవిపందులు వేరుసెనగ చేను త్రవ్విపోస్తున్నాయి, తుపాకీ ఇంట ఉంటే ధైర్యం అంటారు. కాని లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించిన ఏర్పాటులో కూడ, అడవి హద్దుకు మూడు కిలోమీటర్ల ఆవల వచ్చిన పందులను కాల్చేది అటవీ సిబ్బందే, రైతు కాదు. లైసెన్సు తీరిపోయిన తుపాకీ చట్టం దృష్టిలో నాటు తుపాకీతో సమానం. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీకి శిక్ష రెండేండ్లకు తక్కువ కాదు, అయిదేండ్ల వరకు పోవచ్చు.

అక్కరలేదనుకొన్నవారు, గడువు దాటినవారు, లైసెన్సుదారు మరణించిన ఇంటివారు 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయక ఆయుధాన్ని స్టేషనులోనో లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దనో డిపాజిట్ చేయాలి. ఎన్నికలప్పుడు అప్పగించినట్లే రసీదు తీసుకోవాలి. అందులో తుపాకీ నంబరు, తేదీ, ముద్ర ఉన్నవో లేవో అక్కడే చూసుకొని, ఆ రసీదు ఎక్కడ పెట్టినదీ ఇంటి ఇల్లాలికి చెప్పి ఉంచండి.