నగర సింఫనీ: ఒకే గాటన కట్టిన రెండు మూకీలు

వాల్టర్ రుట్‌మన్ ‘బెర్లిన్: మహానగర సింఫనీ’ (1927)నీ, జిగా వెర్తోవ్ ‘మాన్ విత్ ఎ మూవీ కెమెరా’ (1929)నీ ‘నగర సింఫనీ’ పేరిట ఒకే గాటన కట్టడం సినిమా చరిత్రకారులకు పరిపాటి. రెండూ నగర దినచర్యను చూపే మూకీ డాక్యుమెంటరీలే కదా అన్నది వారి వాదం. ఆ పోలిక పైపైది.

రుట్‌మన్ వేకువ రైలులో బెర్లిన్ చేరి, అయిదు అంకాలలో ఒక రోజును ముగిస్తాడు. ఆ రోజును కూర్చిన చేయి మాత్రం కనబడదు. వంతెన మీది నుంచి స్త్రీ నీటిలో దూకే దృశ్యం నటింపజేసినది. ఆ సంగతి చిత్రం చెప్పదు. పాదచారుల కాళ్ళ వెంబడే పశువుల కాళ్ళు వస్తాయి. ఇటువంటి పోలికలు కేవలం రూపగతమైనవని క్రాకవర్ ఆక్షేపించాడు, సబబుగానే.

వెర్తోవ్ చూపినది అసలు ఒక నగరమే కాదు. మాస్కో, కీవ్, ఒడెస్సాల కూర్పు. పరుగెత్తే గుర్రం హఠాత్తుగా నిశ్చల చిత్రమై ఆగుతుంది. ఎడిటింగ్ బల్ల దగ్గర ఎలిజవెత స్విలోవా ఫిలిం కత్తిరిస్తూ కనిపిస్తుంది. ఆమె వెర్తోవ్ భార్య అని అందరూ రాస్తారు. ఆ చిత్రపు వాదమంతా ఆ బల్ల దగ్గరే ఉన్నదని గుర్తించేవారు తక్కువ. వెర్తోవ్ కూడా కొన్ని దృశ్యాలను ఏర్పాటు చేసి తీశాడన్నది నిజమే. కాని అక్కడ కెమెరామన్ మాటిమాటికీ తెరపైకి వస్తాడు. తాను చూస్తున్నది ఒకరు తీసి, మరొకరు కత్తిరించినదన్న సంగతి ప్రేక్షకుడు మరువలేడు. రుట్‌మన్ ప్రేక్షకుడికి ఆ ఎరుక దక్కదు.