తోక చల్లారిన తరువాత



కిందటి ఉగాది సంచికలో ఇదే శీర్షికలో ఓర్పు గురించి రాశాను. బాగుందని చాలామంది అన్నారు. నా ఓర్పు ఏపాటిదో ఆ తరువాత కొద్ది నెలలకే తేలిపోయింది.

ఒక శనివారం రాత్రి మా ఇంటికి నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. గుంటూరులో అప్పటికి ఆదివారం పొద్దున్న. మా అమ్మ ఫోను చేసింది. పద్నాలుగేళ్ళ మా అబ్బాయి ఫోనందుకుని, "నాన్నమ్మా, నువ్వు బాగుందా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. "ఇంత వయసొచ్చింది, నాన్నమ్మతో రెండు ముక్కలు తిన్నగా మాట్లాడలేవా?" అని అరిచాను. అవతల అమ్మ కూడా వింది. ఆసుపత్రిలో ఎంత విసుగొచ్చినా రోగి మీద గొంతు పెంచనివాణ్ణి, కన్నకొడుకు మీద నలుగురిలో విరుచుకుపడ్డాను.

మర్నాటినుంచి వాడు ఇంట్లో తెలుగు మాట మానేశాడు. ఇంట్లో తెలుగు నిలవాలనే నా ఆరాటం. ఆ ఉన్న కాస్తా నా నోటితోనే పోగొట్టాను.

ఆ దిగులుతోనే ఒక ఉదయం సుందరకాండ తీశాను. 55వ సర్గ దగ్గర ఆగిపోయాను. లంకాదహనం అంటే మనకు గుర్తుండేది మంటలూ, రాక్షసుల పరుగులూను. సముద్రంలో తోక చల్లార్చుకున్నాక హనుమంతుడికి గుండె గుభేలుమంటుంది: ఊరంతా తగలబెట్టాను, సీతమ్మ మాటేమిటి? ఎవరికోసం వచ్చాడో ఆమెనే కాల్చేశానేమోనని కుమిలిపోతాడు. తన కోపాన్నీ కోతిబుద్ధినీ తిట్టుకుంటాడు. రాముడికీ సుగ్రీవుడికీ ముఖం ఎలా చూపను, ప్రాణం తీసుకుంటే నయం అనుకుంటాడు.

అంతటి బుద్ధిమంతుడికే ఈ అవస్థ వచ్చిందంటే నాబోటివాడికి కొంత ఊరట. కానీ అసలు ధైర్యం ఆ తరువాతి ఘట్టంలో ఉంది. శుభశకునాలు కనిపిస్తాయి. తన తోకనే కాల్చని అగ్ని ఆ తల్లినెలా కాలుస్తుందని ఆలోచిస్తాడు. సీత క్షేమమని చారణులు చెప్పుకోవడం వింటాడు. అయినా అంతటితో బయలుదేరడు. స్వయంగా వెళ్ళి, కళ్ళారా చూసి, అప్పుడు తిరుగు ప్రయాణం కడతాడు.

నేను మాత్రం మూడు వారాలు వాడి గది ముందునుంచే తప్పుకు తిరిగాను. ఆ రోజు తలుపు తట్టాను. "తప్పు నాదిరా, నాన్నా" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, నవ్వినందుకు కాదు, నువ్వు కూడా వాళ్ళతో చేరినందుకు బాధేసిందని ఇంగ్లీషులో చెప్పాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండు ఆదివారాలు గడిచాక వాడే నాన్నమ్మకు ఫోను చేశాడు. "నువ్వు బాగున్నాడా?" అన్నాడు. ఈసారి నేను నోరు మెదపలేదు.

"బాగున్నాను నాయనా" అంది అమ్మ.