దిగేచోటు, పుట్టేచోటు

తాడేపల్లిగూడెంలో రన్‌వే వుందంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. నిజంగానే వుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిషువారు వేసిందది. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, బాట మిగిలింది. దానిమీద మళ్ళీ విమానాలు దించాలన్న మాట అప్పుడప్పుడు వినబడుతూనే వుంటుంది.

దించితే మంచిదే. కాని విమానం దిగేచోటు వేరు, పుట్టేచోటు వేరు. దిగేచోట నాలుగు టాక్సీలు, రెండు హోటళ్ళు బతుకుతాయి. పుట్టేచోట వీధివీధీ బతుకుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యీ యంత్రాల గొడవ ఎందుకంటారా? నా క్లాసులో కూర్చున్న పిల్లలే రేపు హైదరాబాదు బస్సెక్కుతున్నారు గనుక.

ఆ హైదరాబాదు సంగతే చూడండి. 1962లో క్షిపణుల పరిశోధనశాల డి.ఆర్.డి.ఎల్. ఢిల్లీనుంచి అక్కడికి వచ్చింది. 1968లో బాలానగరులో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ వెలిసింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని వచ్చాయి. పెద్దసంస్థలు ప్రతి మరనూ తామే చేసుకోవు. చిన్న వర్కుషాపులకు ఇస్తాయి. అలా చేతులు తయారయ్యాయి. ఆ తరవాతనే 2018లో ఆదిభట్లలో టాటా–బోయింగ్ కర్మాగారం తెరిచారు. అపాచీ హెలికాప్టర్ల మొండెం భాగాలు అక్కడ తయారై అమెరికా వెళ్ళాయి. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోటనుంచి ఎగిరింది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్టు అదే.

ఈ పనికి ఓర్పు కావాలి. తలవెంట్రుక మందమంత తేడా వచ్చినా కొన్ని భాగాలను తిప్పికొడతారు. లోహం ఎక్కడిది, ఎవరు కోశారు, ఎవరు కొలిచారు అన్నీ కాగితంమీద వుండాలి. అందుకే ఆర్డరు దొరకడం కష్టం. దొరికి, నమ్మకం నిలబెట్టుకుంటే ఏళ్ళతరబడి అన్నం పెడుతుంది. ఒక్కో రకం విమానాన్ని దశాబ్దాలపాటు చేస్తారు మరి.

మన దగ్గర ఏముంది? 2015నుంచీ గూడెంలో ఎన్.ఐ.టి. వుంది. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల ఏరేటర్ల మోటార్లు విప్పి బిగించే కుర్రాళ్ళున్నారు. ఆ చదువుకూ యీ చేతులకూ మధ్య వంతెన లేదు. మంచి ఐ.టి.ఐ.లు, ఖచ్చితంగా కొలిచే సాధనాలున్న గది, వాటిని వాడడం నేర్పే గురువు — రన్‌వే కంటే ముందు అడగవలసినవి ఇవి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ అబ్బాయి లేతుమిషను దగ్గర నిలబడతానంటే చిన్నబుచ్చుకోకండి. అమ్మాయి నిలబడతానన్నా సరే. విమానం ఎగిరేది ఆ చేతులమీదనే.