సింహాసనం కారు

క్రిందటి నెలలో తిరువళ్ళూరు రిజిస్ట్రారు కచేరీలో ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. తామరైపాక్కంలో పది సెంట్లు చేతులు మారాలన్నా మూలపత్రం ఏది, దానికి ముందుది ఏది అని ముత్తాతల దాకా లాగుతారు గదా. ఆ విసుగులో మాకు హైదరాబాదు చౌమహల్లా భవనంలో చూచిన ఒక మోటారు కారు జ్ఞాపకం వచ్చింది. దాని మూలపత్రాలు విప్పితే ఎలా వుంటుంది?

అది 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. పైకట్టు లండనులో బార్కరు కంపెనీవారు కట్టినది. నిజాముల పసుపుపచ్చ రంగు. వెనుక గుమ్మటంలాంటి కప్పు, దాని క్రింద ఎత్తుగా అమర్చిన సింహాసనం. మా వెంట వచ్చిన పిల్లలు దాన్ని చూచి, "తాతా, ఇది కారా, దేవుడి రథమా?" అన్నారు. మేమూ జవాబు చెప్పలేకపోయాము.

దీన్ని తెప్పించినవారు ఆరవ నిజాం మహబూబ్ ఆలీఖాన్ గారు. పాపం, అందులో కాలు పెట్టే యోగం ఆయనకు లేకపోయింది. 1911 ఆగస్టులోనే పోయారు. కారు ఆయన కుమారుడు ఉస్మాన్ ఆలీఖాన్ గారి పాలబడింది. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది ఈయననే. ఖర్చు దగ్గర మాత్రం మన కరణంగారికంటె గట్టివాడు. కారు ఊరేగింపులకే బయటికి వచ్చేది. మొత్తం తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు. అంటే మన ఊరినుంచి హైదరాబాదుకు ఇంచుమించు ఒక్కసారి పోయినంత!

1967లో ఆయన పోయాక ఆస్తి మనుమడు ముకర్రంజా గారికి వచ్చింది. చిత్రమేమంటే, ఆ వంశంలో యంత్రాలు విప్పి బిగించడమంటే నిజంగా ప్రాణమిచ్చేవాడు ఈయనే. కాని వ్యాజ్యాలూ వారసుల తగాదాలూ పడలేక, ఆస్ట్రేలియాలో గొర్రెల మేతభూమి కొనుక్కుని వెళ్ళిపోయాడు. 2023లో ఇస్తాంబులులో కన్నుమూస్తే, మక్కా మసీదులో ఖననానికి హైదరాబాదు తీసుకువచ్చారు. చౌమహల్లాను బాగుచేయించే భారం ఆయన మొదటి భార్య ఎస్రా బేగంగారు మోశారు. 2010లో దానికి యునెస్కో బహుమానం కూడా వచ్చింది. ఈనాడు టిక్కెట్టు కొన్నవాడెవడైనా ఆ కారు ముందు నిలబడి చూడవచ్చు.

ఇంత వ్రాయడానికి కారణం దాచకూడదు. మా పెదనాన్నగారి కొట్టంలో ఆయన 1964లో కొన్న అంబాసిడరు కారు వుంది. పుస్తకం ఇప్పటికీ ఆయన పేరనే. వారసులు నలుగురు. ఒకరు అమ్ముదామంటారు, ఒకరు నాన్న గుర్తు వుండనీ అంటారు, మిగతా ఇద్దరూ విదేశాలనుంచి "చూద్దాం" అంటారు. చూస్తూ వుండగా ఎలుకలు సీట్లు తినేశాయి. మొన్న సంక్రాంతికి మేము వెళ్ళి బోనెట్ ఎత్తి చూచాము. ఇంజను ఇంకా పట్టివేయలేదని మెకానిక్కు అన్నాడు. ఆ మాటే నలుగురికీ ఉత్తరం వ్రాశాము. ఇద్దరు జవాబిచ్చారు. కొట్టం తాళంచెవి ప్రస్తుతానికి మా దగ్గరే వుంది.