పక్క సీటు కబుర్లు

ఈ సంచిక ప్రయాణాలది. కొల్లూరులో తెనాలి బస్సెక్కితే కిటికీలోంచి అరటి తోటలు, వరి చేలు కనిపిస్తాయి. పక్క సీట్లో లంక రైతు గెల ధర చెబుతాడు. పరాయి దేశాన్నీ అలా బస్సులోంచే చూడాలని నా గట్టి నమ్మకం, చేతిలో అంచులు నలిగిన గైడ్‌బుక్‌తో.

టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు 1973లో లోన్లీ ప్లానెట్ గైడ్‌బుక్‌లు మొదలుపెట్టారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ ఊళ్లో దిగడానికి చోటుందో, ఏ సరుకులు దొరుకుతాయో మజిలీ మజిలీకీ రాసిపెట్టారు. వెనకాల వచ్చేవాళ్ల మీద ఎంత అక్కరో!

మీ పాత గైడ్‌బుక్‌ల అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నవి మాకు పంపండి. బస్సు నంబరైనా సరే, వచ్చే సంచికలో వేస్తాం.